కో-ఆప్షన్ మెంబరు

నా నోరు మంచిది కాదని మా పాలెంలో పసిపిల్లలకి కూడా తెలుసు. మా ఆయన నాగులు పెళ్ళైన కొత్తలోనే ఆ సంగతి గ్రహించి, మాట్లాడటం తగ్గించేశాడు. ఆ నోటితోనే నేను దిబ్బని రెండుసార్లు కాపాడాను. డెబ్బై రెండులో ఆ నోటిని చూసే నన్ను పిలిచి కుర్చీ వేశారు. ఎలా వేశారో చెబుతాను, తప్పెవరిదో మీరే చెప్పండి.

దిబ్బంటే రేపల్లెకి దిగువన మా పాలెం పక్కనే, సముద్రానికీ కాలవకీ మధ్య ఎత్తుగా ఉన్న ఇసుక నేల. మగాళ్ళు తెచ్చిన చేపకి ఉప్పు పట్టించి ఆడవాళ్ళం అక్కడే ఎండబెడతాం. ఎండాక గంపలకెత్తి, రేపల్లెలో రైలెక్కి, తెనాలి బజారులో అమ్ముతాం. మిగతాదంతా పల్లపు నేల, చెమ్మకి చేప పురుగు పట్టిపోతుంది. దిబ్బ లేకపోతే మా ఆడవాళ్ళకి సంపాదన లేదు. సంపాదన లేని ఆడదాని మాట ఇంట్లో ఎవడు వింటాడు? దిబ్బకి పట్టాలూ గిట్టాలూ ఏమీ లేవు. మా అత్తలు ఆరబోశారు, మేం ఆరబోస్తున్నాం, అంతే.

ఆ దిబ్బ మీద బాపట్ల ఆసామి ఒకాయన కన్ను పడింది. రొయ్యలకి గిరాకీ పెరిగిందట, ఐసు ఫ్యాక్టరీ కడతాడట. మా చేపల సంఘం ప్రెసిడెంటు సింగయ్య బాబాయి సరేనన్నాడు. ఐసు చేతిలో ఉంటే పచ్చి చేప పచ్చిగానే లారీ ఎక్కుతుంది, ఇక ఎండబెట్టే ఆడవాళ్ళతో వాళ్ళకేం పని? కొలతలకి మనుషులొచ్చిన రోజు నేనూ, మా ఆడపడుచు మహాలక్ష్మీ, పాలెంలో ఆడవాళ్ళందరం దిబ్బ మీద బైఠాయించాం. నా తిట్లకి ఆ మేస్త్రీ చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాడు. రెండోసారి ఆసామే స్వయంగా వచ్చాడు. ఆయన ఏడు తరాల్నీ వరసగా పలకరించేసరికి, వచ్చిన కారులోనే వెనక్కి పోయాడు.

ఇంత జరిగినా సింగయ్య బాబాయి నన్ను పల్లెత్తు మాట అనలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. నవ్వుకుంటూ మా ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళడిగి తాగాడు.

"అమ్మాయ్, సంఘంలో ఒక ఆడ మెంబరు ఉండాలని పైనుంచి చెప్పారు. ఎలక్షనేం లేదు, కో-ఆప్షన్. మేమే ఎంచుకుంటాం. నీకంటే గట్టిగా మాట్లాడేవాళ్ళు ఎవరున్నారే ఈ పాలెంలో?"

నేను నోరు తెరిచేలోపే మహాలక్ష్మి ఎగిరి గంతేసింది. "ఇంకేం కావాలి వదినా! మన మనిషి లోపల కూర్చుంటే దిబ్బ జోలికి ఎవడొస్తాడు?" అని ఉప్పు తెచ్చి నాకు దిష్టి తీసింది. సాయంత్రానికి ఆడవాళ్ళందరూ వచ్చి తలో మాటా చెప్పి వెళ్ళారు. నాకూ సంతోషమేసింది. అబద్ధమెందుకు, బాగా సంతోషమేసింది.

మర్నాడు తెనాలి రైల్లో చంద్రశేఖరం మాస్టారు కనిపించారు. రేపల్లెలో కాపురం, తెనాలిలో ఇంగ్లీషు పాఠాలు. నా గంప ఎక్కిందంటే పెట్టెలో సగం మంది ముక్కులు మూసుకుని అవతలికి జరుగుతారు. ఆయన మాత్రం కిటికీ తలుపు పైకెత్తి అక్కడే కూర్చుంటారు.

"మాస్టారండీ, కో-ఆప్షన్ అంటే ఏంటండి?" అని అడిగాను.

పాఠం అడిగితే చాలు, ఆయన మొహం వెలిగిపోతుంది. "లాటిన్ మాటమ్మా అది. ఆప్టారే అంటే కోరుకోవడం, ఎంచుకోవడం. కో అంటే కలిసి. పూర్వం రోములో పూజారుల సంఘాలుండేవి. ఒకాయన పోతే మిగిలినవాళ్ళే కూర్చుని, తమలోకి ఇంకొకణ్ణి ఎంచుకునేవారు. జనాన్ని అడిగే పని లేదు. అలా పుట్టింది."

"అయితే ఎంచుకునేది లోపలివాళ్ళేనన్నమాట. మరి ఆ ఎంచుకున్నవాణ్ణి అడుగుతారాండీ?"

"అడిగితే అడగొచ్చు. మాటలో అయితే ఆ సంగతి లేదు." ఏదో గుర్తొచ్చినట్టు నాకేసి తిరిగారు. "ఇంకో వాడుక కూడా ఉందమ్మా. ఎదురు తిరిగేవాణ్ణి పిలిచి, తమలో కలిపేసుకుని, నోరు లేకుండా చేస్తారు చూడు. దాన్నీ అదే మాటతో అంటున్నారు ఈ మధ్య. నిన్నెవరైనా మెంబరుగా వేసుకున్నారా ఏంటి?"

పెట్టె అదిరిపోయేలా నవ్వాను. "నా నోరు మూయించేవాడు ఇంకా పుట్టలేదు లెండి మాస్టారూ!"

ఆయన నవ్వలేదు. "జాగ్రత్తమ్మా," అన్నారు. నేను గంప సర్దుకుని దిగిపోయాను.

మా పాలెంలో పెద్దలు ఎక్కడ కూర్చున్నా ముందుగా తాంబూలం పళ్ళెం తిరుగుతుంది. ఆకూ వక్కా వేసుకున్నవాడు ఆ రోజు తేలిన మాటకి కట్టుబడాలి. లోపల ఎంతైనా పోట్లాడుకోవచ్చు, బయటికి మాత్రం ఒకే మాట రావాలి. మాట దాటినవాడి పడవని రేవులో ఒక్కడూ పట్టి తొయ్యడు. పదిమంది చెయ్యి వెయ్యకపోతే పడవ నీళ్ళలోకి దిగుతుందా? ఇదంతా నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. కానీ అది మగాళ్ళ కట్టుబాటనుకున్నాను. నేనే కాదు, మా ఆడవాళ్ళందరం అలాగే అనుకున్నాం. ఆ పళ్ళెం ఏనాడూ ఒక ఆడదాని ముందుకి వచ్చింది కాదు మరి.

సంఘం గదిలో నాకు కుర్చీ వేశారు. పళ్ళెం నా ముందుకే మొదట వచ్చింది. "కొత్త మెంబరు, ముందు తను తీసుకోవాలి," అన్నాడు బాబాయి. గర్వంతో నా గుండె పొంగిపోయింది. ఆకూ వక్కా తీసుకుని దర్జాగా నమిలాను.

తరవాత దిబ్బ సంగతి ఎత్తారు. కుర్చీలోంచి లేచి దులిపేశాను. దిబ్బ పోతే మా ఆడవాళ్ళు ఏం తింటారని అడిగాను. మీ అమ్మలు ఏం అమ్మి మిమ్మల్ని పెంచారని అడిగాను. ఒక్కడు అడ్డం రాలేదు. తలలు వంచుకుని చివరిదాకా విన్నారు. నేను కూర్చోగానే బాబాయి గొంతు సవరించుకుని, "దిబ్బ ఫ్యాక్టరీకి ఇవ్వడానికి సభ్యులందరూ ఒప్పుకున్నారు," అని గట్టిగా చెప్పాడు.

"అందరూ ఏంటి బాబాయ్? ఇంతసేపూ నేను అరిచింది ఏంటి?"

"అరిచావు, విన్నాం. ఎక్కువమంది మాట ఇదీ. తాంబూలం వేసుకున్నావు కదమ్మాయ్, ఇక సంఘం మాటే నీ మాట."

"నాకొద్దీ మెంబరు! నేను పోతున్నా!"

"నిన్ను ఎంచుకున్నది మేం. వద్దనుకోవాల్సిందీ మేమే," అన్నాడు, ఎంతో ప్రేమగా. "కాదని లేచిపోతే నిన్నెవరూ ఆపరు. నాగులు పడవ సంగతి కూడా ఆలోచించుకో మరి."

నాగులు గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. కళ్ళు దించేసుకున్నాడు. తలుపు తీసే ఉంది, అయినా బయటికి దారి కనపడలేదు.

తెల్లారేసరికి ఇటికల లారీ వచ్చింది. అప్పటికే ఆడవాళ్ళందరూ దిబ్బ మీద కూర్చుని ఉన్నారు. బాబాయి ఆసామిని వెంటబెట్టుకొచ్చి గట్టు మీద నిలబడి, "మెంబరు రత్తాలుతో సహా అందరం ఒప్పుకున్నాం!" అని కేకేశాడు. తరవాత నాకేసి తిరిగి, "వెళ్ళి నచ్చజెప్పు," అన్నాడు.

వెళ్ళాను. నచ్చజెప్పడానికి కాదు. పడవ ఉంటే ఉంటుంది పోతే పోతుంది, నాగులు కూలికి పోతాడు, నేను రేపల్లెలో అంట్లు తోముకుంటాను, దిబ్బని మాత్రం వదలనని దారిలోనే తేల్చుకున్నాను. నేరుగా వెళ్ళి మహాలక్ష్మి పక్కన చతికిలబడ్డాను.

"నేను ఒప్పుకోలేదే! ఒట్టు!"

మహాలక్ష్మి నా మొహం చూడలేదు. "తాంబూలం వేసుకున్నావా?"

"వేసుకున్నాను. కానీ..."

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గట్టు మీద బాబాయి ఆసామికి నన్ను చూపించి ఏదో చెబుతున్నాడు. లారీ అతను ఇంజను ఆపి బీడీ వెలిగించుకున్నాడు.

"బాబాయినైతే తిట్టొచ్చు, లారీకైతే అడ్డం పడుకోవచ్చు," అంది మహాలక్ష్మి మెల్లగా. "సంఘమే వచ్చి పక్కన కూర్చుంటే ఎవరితో పోట్లాడాలి?"

"నేను సంఘమేంటే! నేను రత్తాల్ని! మీ వదినని!"

మహాలక్ష్మి లేచి చీర కుచ్చిళ్ళకి అంటిన ఇసుక దులుపుకుంది. ఆమె వెనకే ఒక్కొక్కరూ లేచి ఖాళీ గంపలు చంకన పెట్టుకున్నారు. చెయ్యి పట్టుకుని లాగాను. మెత్తగా విడిపించుకుంది. నేను కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆ పిల్ల నన్ను నువ్వు అనే పిలిచేది.

"మీరు కూర్చోండి మెంబరు గారూ," అంది. "మేం వెళ్తాం."