చౌటుప్పల్ దగ్గర ఆగిన చుక్కలు

ప్రత్యేక తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మె రెండో వారంలో పడింది. మాదాపూర్‌లో సిమెంటు కంపెనీ ఆఫీసు నాలుగో అంతస్తులో కూర్చున్న సుష్మ కళ్లముందు, తెర మీది మూడు పచ్చచుక్కలు ఒకదాని వెనక ఒకటి ఎర్రబడ్డాయి.

చుక్క అంటే బల్కరు. సంచులు లేకుండా పొడి సిమెంటును కడుపునిండా నింపుకొచ్చే ట్యాంకరు లారీ. హుజూర్‌నగర్ అవతల ఫ్యాక్టరీలో పొద్దున ఆరింటికి బయల్దేరి, విజయవాడ రోడ్డెక్కి, ఔటర్ రింగు మీదుగా ఒంటిగంటకల్లా కొండాపూర్‌లో కాంక్రీటు కలిపే రెడీమిక్స్ యార్డుకు చేరాలి. ఏ బండి ఎప్పుడు బయల్దేరాలో, ఎప్పుడు చేరాలో నిర్ణయించేది సుష్మే. బండిలో బిగించిన జీపీఎస్ పెట్టెను బట్టి, కదులుతున్నది తెర మీద పచ్చగా, ఆగినది ఎర్రగా కనిపిస్తుంది. ఈ మూడూ చౌటుప్పల్ దాటగానే ఆగాయి. నిన్నా అక్కడే ఆగాయి. మొన్నా అక్కడే.

"చూశారామ్మా!" వెనక నుంచి మేనేజరు సోమేశ్వరరావు గొంతు. తెనాలి మనిషి, ఎంత కోపమొచ్చినా మర్యాద తప్పడు. "రోజూ ఒకే చోట రెండు గంటలా? మూతల సీళ్లు విప్పి సిమెంటు దింపేసుకుంటున్నారండి. నేను చెబుతున్నాగా."

"యార్డులో తూకం సరిగ్గానే ఉంది సార్. రెండు రోజులవీ చూశాను."

"అంత సరిగ్గా ఎలా ఉందంటారు? తీసినంత బూడిద కలిపేస్తే తూకం సరిపోదూ?"

బూడిద కలిపితే ల్యాబులో బయటపడుతుంది కదా అని సుష్మ ఆ సాయంత్రమే నమూనాలు పంపింది. రెండో రోజు ఫలితం వచ్చింది. కల్తీ లేదు. ఆ కాగితాన్ని సోమేశ్వరరావు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ల్యాబులో పరీక్ష చేసిన కుర్రాడిది ఏ ఊరండీ?" అని అడిగాడు. సూర్యాపేట అని చెప్పింది సుష్మ. ఆయన తల మెల్లగా ఊపాడు.

నవ్వొచ్చింది సుష్మకు. కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆ మూడు బండ్లకూ పెద్ద, డ్రైవరు యాదయ్య. నల్లగొండ మనిషి. పదకొండు బల్కర్ల డ్రైవర్లు అతను గీసిన గీత దాటరు. ఎందుకు ఆగారని మొదటిరోజు ఫోను చేస్తే టైరు పంక్చరన్నాడు. రెండోరోజు ఇంజను వేడెక్కిందన్నాడు. మూడోరోజు పోలీసులు ఆపారన్నాడు. ఆ రోజు రోడ్డు మీద పోలీసులే లేరని ఫ్యాక్టరీ వాళ్లు చెప్పారు.

నాలుగోరోజు మళ్లీ చేసింది.

"ఏంది మేడం, పొద్దుగాల సంది మా బండ్లనే చూస్కుంట కూసున్నరా?" అన్నాడు యాదయ్య. "డబ్బా పెట్టిండ్రు సరే. మమ్ములను నమ్మనన్న నమ్ముండ్రి, డబ్బానన్న నమ్ముండ్రి."

"నిజం చెప్తే నమ్ముతాను కదా యాదయ్యగారూ."

"సిమెంటు మీకు చేరుతున్నదా లేదా?"

"చేరుతోంది. ఆలస్యంగా."

"చేరుతున్నది గద. ఇగ ఫికర్ జెయ్యకుండ్రి," అని ఫోను పెట్టేశాడు.

ఆ తర్వాతి రోజు అతని బండి చుక్క చౌటుప్పల్ దగ్గర ఎర్రబడలేదు. మాయమైపోయింది. రెండుంబావుకు ఔటర్ రింగు మీద తేలింది. జీపీఎస్ పెట్టె మీద తడిగుడ్డో, రేకో కప్పి ఉంటారని సాఫ్ట్‌వేర్ చూసే హేమంత్ చెప్పాడు. మూడుసార్లు అబద్ధమాడినవాడు ఇప్పుడు మొహమే దాచుకున్నాడు. సుష్మకు మొదటిసారి సోమేశ్వరరావు మాటే నిజమేమో అనిపించింది.

సమయం కూడా మంచిది కాదు. వచ్చే శనివారం నానక్‌రామ్‌గూడలో ఒక పెద్ద ఐటీ భవనానికి పునాది పోయబోతున్నారు. తెల్లవారి మొదలుపెడితే సాయంత్రం దాకా కాంక్రీటు ధార తెగకూడదు. మధ్యలో ఆగితే గట్టిపడ్డ దానికి తర్వాత పోసింది అతుక్కోదు, పునాదే పనికిరాకుండా పోతుంది. దానికి పన్నెండు బల్కర్ల సిమెంటు కావాలి. కంపెనీకి సరుకు తోలే ఇంకో ట్రాన్స్‌పోర్టు వాళ్ల బండ్లేమో నకిరేకల్ దగ్గర ఉద్యమకారులతో గొడవపడి, టైర్లలో గాలి పోగొట్టుకుని, మూడు రోజులుగా రోడ్డు పక్కన పడున్నాయి. మిగిలింది యాదయ్య బండ్లే.

"మీరొకసారి వెళ్లి రండమ్మా," అన్నాడు సోమేశ్వరరావు. "సీళ్ల తనిఖీకి ఫ్యాక్టరీకి వెళ్తున్నట్టు వెళ్లండి. చౌటుప్పల్ దగ్గర ఏం జరుగుతోందో ఫోటోలు తీసుకురండి. మనవాళ్లకెవరికీ చెప్పకండి."

మనవాళ్లంటే ఎవరో సుష్మ అడగలేదు. ఆమెది నంద్యాల. ఈ ఆఫీసులో ఆ మాటలో తను ఉందో లేదో ఒక్కోరోజు ఆమెకే తెలిసేది కాదు.

మర్నాడు కంపెనీ జీపు మియాపూర్‌లో ఆమెను ఎక్కించుకుంది. పదకొండున్నరకు చౌటుప్పల్ దగ్గరికి వచ్చేసరికి ముందు వాహనాలన్నీ ఆగిపోయి ఉన్నాయి. సుష్మ జీపు దిగి నడిచింది. రెండు ఫర్లాంగులు నడిచాక అన్నం ఉడుకుతున్న వాసన వచ్చింది.

రోడ్డు నట్టనడుమ మూడురాళ్ల పొయ్యిలు. వాటి మీద కాగులు. ఆడవాళ్లు గుంపుగా కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతున్నారు. పక్కన గుడారంలో డప్పు మోగుతోంది. రోడ్డు మీదే వండుకు తింటూ దారి ఆపే వంటావార్పు. కానీ సుష్మ చూపు వాటి మీద నిలవలేదు. రోడ్డుకు అటు అంచు నుంచి ఇటు అంచు దాకా, ముక్కుకు ముక్కు ఆనించినట్టు అడ్డంగా రెండు బల్కర్లు నిలబడి ఉన్నాయి. వాటి కడుపుల మీద కంపెనీ పేరు నిలువెత్తు అక్షరాల్లో మెరుస్తోంది.

రోడ్డు మూసింది ఉద్యమకారుల తాళ్లూ రాళ్లూ కాదు. తన బండ్లు.

ఫోను తీసి రెండు ఫోటోలు కొట్టింది.

"ఓ పిల్లా! ఫోటోలెందుకు దీస్తున్నవ్?" గరిటె పట్టుకున్న ఒక పెద్దావిడ లేచి వచ్చింది. అందరూ ఆమెను భాగ్యమ్మ అని పిలుస్తున్నారు. "టీవోళ్లా? పోలీసోళ్లా?"

"కాదమ్మా. ఊరికే..."

"ఊరికే ఎవలు దీస్తరు? ఏ ఊరు నీది?"

నంద్యాల అని చెప్పాలా? మియాపూర్ అని చెప్పాలా? నలుగురైదుగురు మగవాళ్లు చుట్టూ చేరారు. అంతలో గుంపును తోసుకుంటూ యాదయ్య వచ్చాడు. నెరసిన మీసం, భుజాన గులాబీ కండువా. ఆమెను చూసి ఒక్క క్షణం ఆగిపోయాడు.

"మా ఆఫీసు మేడం," అన్నాడు చివరికి. "ఫోన్లకెల్లి ఫోటో తీసేయుండ్రి మేడం. వీళ్ల ముంగట్నే."

సుష్మ తీసేసింది, ఒకదాన్ని. రెండోది ఉందేమోనని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

భాగ్యమ్మ చెయ్యిపట్టి పంక్తిలో కూర్చోబెట్టింది. విస్తట్లో వేడన్నం, పప్పుచారు. "తిను బిడ్డా. తినకుంట ఎవ్వలు పోరు ఈడికెల్లి," అంది. అది ఆదరమో, బెదిరింపో సుష్మకు అర్థం కాలేదు. యాదయ్య ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

"నా బండి నేనే అడ్డం పెట్టిన. ఔ," అన్నాడు, ఆమె అడగకుండానే. "పదకొండు నుంచి ఒంటిగంట దాక రెండు బండ్లిస్త. దానికి వీళ్లు తొవ్వల ఉన్న ఊర్లన్నిటికి ఫోన్ జేసి మా బండ్లను ఇడువమని చెప్తరు. నకిరేకల్ల ఆగిపోయిన బండ్లు చూసిండ్రు గద. మాది ఒక్కటన్న ఆగిందా? మీ సిమెంటు దినాం మీ యార్డుల దిగింది. ఔ. అడ్డం పెట్టుడు, సిమెంటు చేర్చుడు, రెండు గూడ నేనే చేసిన."

"భయపడి ఇస్తున్నారా?"

యాదయ్య ముఖం బిగుసుకుంది. "భయమేంది? తెలంగాణ నాకొద్దా?"

"మరి నాకు అబద్ధాలెందుకు చెప్పినారు?"

"నిజం జెప్తే మీరేం జేద్దురు?"

మొదటిరోజే చెప్పి ఉంటే ఆ సాయంత్రానికే అతని బండ్లను మాన్పించేవాళ్లు. అది ఇద్దరికీ తెలుసు.

తిరుగు దారంతా ఆమె ఆలోచిస్తూనే ఉంది. యాదయ్య మాటల్లో ఎంత నిజముందో ఏమో. ఒప్పందం రెండు గంటలకే అన్నాడు. రేపు నాలుగు గంటలంటే? శనివారం పొద్దున పదకొండు బండ్లూ అడ్డం పెడితే? నమ్మడానికి ఆమె దగ్గర ఏమీ లేదు, ఆ రెండు గంటల లెక్క తప్ప. ఆ లెక్క మాత్రం వారం రోజులుగా ఒక్కసారి కూడా తప్పలేదు. రోజూ వచ్చే ఆలస్యాన్ని ముందే ప్రణాళికలో పెట్టుకుంటే అది ఆలస్యం కాదు కదా అన్న ఊహ ఆమెకు ఎల్బీనగర్ దాటుతుండగా వచ్చింది.

ఆఫీసులో సోమేశ్వరరావు ఫోటోలడిగాడు. "తీయడం కుదరలేదు సార్. వంటావార్పు వల్ల రోడ్డు ఆగుతోంది, అంతే," అంది. సుష్మ బయటికొచ్చి ఫోనులోంచి రెండో ఫోటో కూడా తీసేసింది.

ఆ తర్వాత కొత్త ప్రణాళిక రాసింది. బండ్లను పొద్దున నింపడం మానేసి ముందురోజు సాయంత్రమే నింపి ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలపాలి. ఐదింటికల్లా కదిలితే పదింటికి, పొయ్యిలు రాజుకోకముందే, చౌటుప్పల్ దాటేస్తాయి. రెండు బండ్లు మాత్రం ఆరింటికే బయల్దేరాలి. యార్డు గోదాములో నాలుగు బండ్ల సరుకు పడుతుంది. శుక్రవారానికల్లా దాన్ని నింపి, ఇంకో మూడు నిండు బల్కర్లను యార్డులోనే నిలబెట్టాలి. మిగతా ఐదూ శనివారం వస్తాయి. ఆరింటి రెండు బండ్లూ ఎందుకు ఆలస్యమవుతాయన్న గడిలో 'రహదారి పరిస్థితి' అని రాసింది. అంటే కంపెనీ బండ్లను రాస్తారోకోకు తన చేత్తోనే కేటాయించింది.

శనివారం కాంక్రీటు తెల్లవారే మొదలైంది. మూడు బండ్లు అన్న వేళకే వచ్చాయి. చివరి రెండూ మూడింటికి రావాలి. మూడయింది. నాలుగయింది. సోమేశ్వరరావు యార్డుకు వచ్చి సుష్మ పక్కనే నిలబడ్డాడు. గోదాములో గంటకు సరిపడా సిమెంటే ఉంది.

"ఆ రెండు బండ్లే ఆలస్యమవుతాయని మీకు నాలుగు రోజుల ముందే ఎలా తెలిసిందమ్మా?" అన్నాడు ఆయన నెమ్మదిగా.

సుష్మ గేటువైపే చూస్తోంది. మోసపోయానేమో అన్న భయంతో మళ్లీ మళ్లీ ఫోను చేస్తోంది. యాదయ్య ఫోను మోగుతోంది కానీ ఎత్తడం లేదు.

ఐదుకు పది నిమిషాలుండగా మొదటి బల్కరు మలుపు తిరిగింది. దాని వెనకే రెండోది. యాదయ్య దిగి పైపు తగిలిస్తూ, "పోలీసోళ్లు గుడారం పీకేసిండ్రు. మల్ల కట్టి, మల్ల బండి అడ్డం పెట్టి వచ్చేసరికి గీ యాళ్లయింది," అన్నాడు. పునాది తెగకుండా పూర్తయింది.

సోమవారం పేపర్లో ఫోటో వచ్చింది. పొయ్యిలు, కాగులు, వెనక అడ్డంగా నిలిచిన రెండు బల్కర్లు, వాటి మీద కంపెనీ పేరు. సోమేశ్వరరావు పేపరును బల్ల మీద పరిచాడు.

"ఇది మీకు ముందే తెలుసు."

"తెలుసు సార్."

"ఎవరు చెప్పారు? ఎవరితో మాట్లాడుకున్నారు?"

"ప్రణాళిక నాది సార్. డ్రైవర్లు నేను రాసిన టైముకు నడిపినారు. అడగాల్సింది నన్నే."

యాదయ్య బండ్లను మాన్పిస్తే ఇంకో బండి లేదు కాబట్టి అతని జోలికెవరూ పోలేదు. సుష్మను మాత్రం తెర ముందు నుంచి లేపి కొండాపూర్ యార్డులో సరుకు దించుకునే పనికి పంపారు. ఆమె కుర్చీలో హేమంత్ కూర్చున్నాడు. ప్రణాళికను ఎవరూ మార్చలేదు. సమ్మె సాగినన్నాళ్లూ ఐదింటి బండ్లు ఐదింటికి, ఆరింటి బండ్లు ఆరింటికి కదిలాయి. 'రహదారి పరిస్థితి' అన్న మాట సోమేశ్వరరావు సంతకం కిందే రోజూ వెళ్లింది.

యార్డులో మొదటిరోజు యాదయ్య ఆమెతో మాట్లాడలేదు. రెండోరోజు సీళ్లు చూపిస్తూ అడిగాడు. "పేపర్ల ఫోటో మీరిచ్చిందేనా?"

"కాదు. నాది రెండోది కూడా ఆ రోజే ఫోనులోంచి తీసేశాను."

అన్నాక తెలిసింది తనేమన్నదీ. యాదయ్య తలెత్తాడు. "రెండోదున్నదని ఆనాడు చెప్పలే మరి?"

"మీరు నాకు పంక్చరని చెప్పలేదా?"

అతను మీసం దువ్వుకున్నాడు. నమ్మాడో లేదో ఆ ముఖంలో తెలియలేదు. ఆ రోజు నుంచి వచ్చినప్పుడల్లా సీలు నెంబరును తనే పైకి చదివేవాడు, ఆమె రాసిందాకా ఆగి, రాసింది తొంగిచూసి మరీ పోయేవాడు. సుష్మ కూడా అతను చదివిన నెంబరును సీలు మీద ఇంకోసారి చూడకుండా రాసేది కాదు.

అక్టోబరు ఆఖర్లో సమ్మె వాయిదా పడింది. బస్సులు తిరిగాయి. ఆ సాయంత్రం యాదయ్య సరుకు దించి క్యాబిన్ ఎక్కుతూ, "రేపటి సంది ఒంటిగంటకే వస్త మేడం. రాస్కోండ్రి," అన్నాడు.

సుష్మ కలం మూత పెట్టింది. "వచ్చినాక రాసుకుంటాలే అన్నా."

యాదయ్య గట్టిగా నవ్వి బండి స్టార్టు చేశాడు.