మలుపు బయట మనిషి

వ్యాను రేసు ట్రాకు గేటు దాటి లోపలికొచ్చి ఆగినా వదిన దిగలేదు. సీటు బెల్టును రెండు చేతులా పట్టుకుని, ఎదుటి అద్దంలోంచి చూస్తూ కూర్చుండిపోయింది. దిగమని పిచ్చుక అడగలేదు. వెనక తలుపు తెరిచి, వాలుగా చెక్క వేసి, రేసు బైకును తనే కిందికి దించుకుంది. పిచ్చుక అనేది ట్రాకు మీది వాళ్లు పెట్టిన పేరు. బారెడు బండి మీద బెత్తెడు మనిషి కనక ఆ పేరు కాదనే వాళ్లు లేకపోయారు. వారమంతా కంటి ఆసుపత్రిలో కూర్చుని వచ్చిన ప్రతివాళ్ల చేతా అక్షరాల వరుసలు చదివిస్తుంది. సెలవు దొరికితే చాలు, తోలు సూటు తొడుక్కుని ఇక్కడికొచ్చి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. ఇందులో జీతం లేదు, పేరు లేదు, గెలిస్తే అరచేతిలో పట్టే కప్పు ఒకటిస్తారు. ఇలాంటివాళ్లకు మంచి చెప్పబోయి అలిసిపోయినవాళ్లే గానీ ఒప్పించినవాళ్లు లేరు.

బండి అన్నయ్యది. పోయినేడాది ఇదే ట్రాకు మీద, ఇదే బండి మీద, వెనకవైపు ఎడమ మలుపులో అన్నయ్య పోయాడు. బండి పక్కకు పడి జారుకుంటూ పోయి ఆగింది, దానికి పెద్ద దెబ్బలేం లేవు. మనిషే ట్రాకు పక్కన పరిచిన కంకర దాటి టైర్ల గోడకు కొట్టుకున్నాడు. వెనక వస్తున్నవాళ్లు చెప్పింది ఒకటే మాట. మలుపు మధ్యలో తల తిప్పి బయటికి చూశాడట.

ఆ మాట వింటే మామూలు జనం, చూస్తే ఏమైంది అంటారు. రేసు వాళ్లు అనరు. మలుపులో కన్ను ఎటు పోతే బండి అటే పోతుంది. గుంతను తప్పించాలని గుంతనే చూస్తే గుంతలోనే పడతారు. అందుకే మొదటిరోజు నుంచీ నేర్పేది ఇదొక్కటే, భయపడ్డదాన్ని చూడకు, పోవాల్సిన చోటు చూడు. పిచ్చుకకు నేర్పింది అన్నయ్యే. తను ముందు నడుపుతూ, ఎడమ చెయ్యి వదిలి, మలుపు ఎక్కడ తెరుచుకుంటుందో అటు వేలు చూపించేవాడు. చెల్లెలు అటు చూసేది, బండి అటు వచ్చేది. అంతమందికి నేర్పిన మనిషి తనే తల తిప్పాడంటే పిచ్చుక ఏడాదిగా నమ్మలేకపోతోంది.

తనిఖీ వాళ్లొచ్చి బోల్టులన్నీ తడిమి, బ్రేకులు నొక్కి, బండికి చీటీ అంటించి వెళ్లారు. నేల మీద పట్టు దొరకడానికి టైర్లకు వేడి దుప్పట్లు చుట్టేసరికి వదిన మెల్లగా దిగొచ్చి పనిముట్ల పెట్టె మీద కూర్చుంది. ఏడాది తర్వాత ఈ నేల తొక్కడం ఆమెకు ఇదే మొదలు. నేనూ వస్తానని నిన్న ఆమే అంది. ఎందుకని అడిగితే, ఎన్ని చుట్లు మిగిలాయో రాసి పలక చూపించే మనిషి ఒకరు కావాలిగా అంది. అది నిజమే గానీ, పిచ్చుక నమ్మలేదు.

ప్రాక్టీసులో రెండో చుట్టుకే పిచ్చుకకు మనిషి కనిపించాడు.

ఎడమ మలుపు బయట, కంకరలో, ఎవరూ నిలబడకూడని చోట ఒకడు నిలబడి ఉన్నాడు. ఆమె అటు చూడలేదు. చూపంతా మలుపు చివరే పెట్టింది. అయినా కంటి అంచున పడ్డాడు. ఆసుపత్రిలో ఒక మిషను ఉంది, నట్టనడుమ చుక్కనే చూస్తూ, పక్కన ఎక్కడ దీపం మెరిసినా మీట నొక్కాలి. ఎవరికి ఎంత వెడల్పున చూపు ఉందో అది చెబుతుంది. అంచు చూపుకి కదలిక తెలుస్తుంది, మనిషి ఆకారం తెలుస్తుంది, ముఖం మాత్రం తెలియదు. ఆ సంగతి రోజూ పదిమందికి చెప్పే పిల్ల ఈ పూట తనకు తనే చెప్పుకుంది. నల్ల సూటు. తలకు హెల్మెట్ లేదు. బరువంతా ఒక కాలి మీద వేసి, చేతులు నడుం మీద పెట్టుకున్నాడు. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మరక, ఆ మరక తనవైపే ఉంది. అలా నిలబడే మనిషి ఆమెకు తెలిసినంతలో ఒక్కడే, ఆయన్ను ఏడాది కింద మట్టిలో పెట్టి వచ్చారు.

బండ్లు ఆపే పిట్‌లోకి వచ్చి హెల్మెట్ తీసేసరికి పళ్ల డాక్టరు అప్పటికే మలుపుల్లో జెండాలు చూపే మార్షల్స్ పెద్దను పట్టుకుని గొడవ పడుతున్నాడు. ఈయనకు ఊళ్లో పెద్ద క్లినిక్ ఉంది, సెలవురోజుల్లో ఈయనదీ ఇదే రోగం. ఎడమ మలుపు బయట మీ మనిషిని నిలబెట్టారు, ఎవడైనా అటు చూస్తే ఏం గాను అని ఆయన గోల. మార్షల్స్ పెద్ద జెండా చుట్టుకుంటూ విన్నాడు. పోయినేటి నుంచీ ఆ చోట ఎవరినీ పెట్టడం లేదని, తన వాళ్లెవరూ అక్కడ నిలబడమంటే నిలబడటం లేదని చెప్పాడు.

"ప్రతి రేసుకీ ఎవరో ఒకరొచ్చి ఇదే అంటారు సార్. నేను చెప్పేది ఒకటే. అటు చూడకండి."

 పొద్దున్నుంచీ నవ్వుతూ తిరిగిన డాక్టరు తన బండి దగ్గరికి పోయి, బిగించిన గొలుసునే మళ్లీ బిగిస్తూ కూర్చున్నాడు.

వదిన అంతా వింది. పిచ్చుక చెయ్యి పట్టుకుని వ్యాను వెనక్కి తీసుకెళ్లింది. కనిపించాడా అని అడిగింది. పేరు చెప్పలేదు, చెప్పనవసరం లేకపోయింది. పిచ్చుక తలూపింది. అప్పుడు వదిన, ఏడాదిగా గొంతులో పెట్టుకున్నది బయటపెట్టింది. ఆ రోజు పొద్దున ఇద్దరూ పోట్లాడుకున్నారు. ఇదే చివరి రేసని మాటిచ్చి మళ్లీ ఇంకో రేసుకు పేరిచ్చినందుకు. మొగుడూ పెళ్లాల మధ్య నెలకోసారి వచ్చే తగువే, కొత్తదేం కాదు. కోపంలో అందరూ అనే మాటే ఆమె కూడా అంది, పో, పోయి చావు అని. అని ఊరుకోలేదు. పిట్‌లో ఉంటే మొహం చూడాల్సొస్తుందని విసవిసా నడిచి ఆ ఎడమ మలుపు దగ్గర కంచె పట్టుకుని నిలబడింది. ట్రాకు సంగతి తెలిసినవాళ్లెవరూ చేయని పని అది.

"నేనింకా అలిగే ఉన్నానేమోనని చూశాడే. నన్ను చూడటానికే తల తిప్పాడు. నేనేమో మొహం తిప్పేసుకున్నాను."

 వదిన ఏడవడం లేదు. ఏడుపు ఎప్పుడో ఇంకిపోయినట్టుంది.

"నాకు ఒక్కటే కావాలి. కోపంగా ఉన్నాడా లేదా. నీకు కనిపిస్తున్నాడుగా, ఆ మొహం చూసి చెప్పు."

ఎవరిని ఏం అడుగుతోందో ఆమెకు తెలిసే అడిగిందా అంటే, తెలియదనే అనుకోవాలి. బండి నడపని మనిషికి అది తలుపు సందులోంచి తొంగి చూసినంత పని. పిచ్చుకకు మాత్రం అది అన్నయ్య పోయిన దారే. అన్నయ్యను చూడాలని తనకు లేదా? ఆ ముఖం మళ్లీ ఒక్కసారి చూడటానికి ఏమైనా ఇచ్చేది. చూస్తే ఏమవుతుందో తెలుసు కనకే మాట్లాడలేదు. సరే అనలేదు, కుదరదనీ అనలేదు. వదిన దాన్ని సరే కిందే తీసుకుంది.

రేసు మొదలైంది. మొదటి చుట్టు గుంపులో గడిచిపోయింది, ఎవరి మోచెయ్యి ఎవరికి తగులుతోందో తెలియని గడబిడ. రెండో చుట్టుకు గుంపు సాగింది, ఎడమ మలుపు ఖాళీగా వచ్చింది, మనిషి ఉన్నాడు. ముందు పోతున్న పళ్ల డాక్టరు ఆ మలుపులో భుజం దగ్గరకు లాక్కుని, గోడ పక్కన దొంగలా నడిపాడు. నవ్వు రావాల్సిన సంగతే, రాలేదు.

మూడో చుట్టుకు మనిషి కొంచెం దగ్గరికి వచ్చాడు. నాలుగో చుట్టుకు ఇంకొంచెం. అడుగు వేస్తున్నట్టు లేదు, నిలబడ్డ తీరు మారలేదు, చేతులు నడుం మీదే ఉన్నాయి. కానీ ప్రతిసారీ ఆ తెల్లటి మరక పెద్దదవుతోంది. ఇప్పుడు కళ్లున్న చోట నీడలా తెలుస్తోంది. ఇంకొంచెం అయితే నోరు తెలుస్తుంది, నోరు తెలిస్తే కోపమో కాదో తెలిసిపోతుంది. హెల్మెట్ లోపల ఆమె ఊపిరి ఆమెకే పెద్దగా వినిపిస్తోంది. తీసుకుపోవడానికి వస్తున్నాడా అనిపించింది. తోడబుట్టినవాడి గురించి అలా అనుకున్నందుకు సిగ్గేసింది కూడా.

ఆరో చుట్టులోనో ఏడో చుట్టులోనో వెనక టైరు ట్రాకు అంచున ఉండే ఎరుపు తెలుపు గట్టెక్కి గడగడలాడింది. ఆ గట్టు ఆమె రోజూ పోయే దారికి చాలా బయట ఉంటుంది. అప్పుడు అర్థమైంది. అతను ఉన్నచోటే ఉన్నాడు. తనే చుట్టు చుట్టుకూ అతని దగ్గరికి పోతోంది. చూడటం లేదు చూడటం లేదనుకుంటూనే, చుట్టుకు ఇంత చొప్పున చూస్తూ వచ్చింది.

పిట్ గోడ మీంచి వదిన పలక చూపించింది. ఇంకొక్కటే చుట్టు. ఆమె కళ్లు పిచ్చుక మీదే ఉన్నాయి. ఆ కళ్లు చూశాక పిచ్చుక తెగించింది. ఒక్క రెప్పపాటు. చూసి, తిప్పుకుంటాను. ట్రాకు మీద పోయినవాళ్లంతా ఒక్క రెప్పపాటే అనుకుని ఉంటారు.

ఎడమ మలుపు వచ్చింది. బండి వంచి, మోకాలు నేలకు తగిలాక, తల తిప్పి నేరుగా అతని వైపు చూసింది.

వీపు కనిపించింది. పొద్దున్నుంచీ తనవైపే తిరిగి నిలబడ్డ మనిషి ఇప్పుడు అటు తిరిగి ఉన్నాడు. నల్ల సూటు మీద భుజాల మధ్య పాత గీరుడు, మెడ మీద కత్తిరించని జుట్టు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ముఖం లేదు. తిప్పుకోవాల్సిన చూపు తిప్పుకోలేకపోయింది. హెల్మెట్ లోపల గొంతు చించుకుంది.

"అన్నయ్యా, ఒక్కసారి ఇటు చూడు!"

ఇంజను హోరులో ఆ అరుపు ఆమె చెవులకే సరిగా పడలేదు. వీపు కదల్లేదు. గట్టు దాటింది, ముందు టైరు కంకర అంచున పడి బండి ఊగింది. అప్పుడు ఆ మనిషి ఎడమ చెయ్యి నడుం మీంచి లేచింది. వెనక్కి తిరగకుండానే, వేలు చాచి, మలుపు తెరుచుకునే చోటు చూపించింది. ఆలోచన లేకుండా పిచ్చుక అటు చూసింది. చిన్నప్పటి నుంచీ ఆ వేలు ఎటు చూపిస్తే అటు చూసిన కన్ను అది. బండి కంకర చిమ్ముకుంటూ వెనక్కి వచ్చి తారు ఎక్కింది.

ఎన్నో స్థానంలో వచ్చిందో ఆమె పట్టించుకోలేదు. పిట్‌లో బండి దిగింది. వదిన పరుగున వచ్చి హెల్మెట్ తనే తీసి, చూశావా అని అడిగింది. నిజం మొత్తం చెబితే వదిన తనను తాను ఇంకో చావుకు బాధ్యురాలిని చేసుకుంటుందని పిచ్చుకకు తెలుసు. అందుకని సగమే చెప్పింది. తను తల తిప్పలేదని, కంటి అంచునే కనిపించాడని, అటు తిరిగి నిలబడ్డాడని చెప్పింది. చెప్పాక గానీ, ఆ సగం ఎంత పాడు సగమో తెలియలేదు.

"వీపు చూపించాడా?" అంది వదిన.

అలా కాదు వదినా, నేను చూస్తే అటే పోతానని ముఖం దాచుకున్నాడని ఎంత చెప్పినా ఆమె చెవిన పడలేదు. అలిగినవాళ్లు మొహం ఎలా తిప్పుకుంటారో ఆమెకు బాగా తెలుసు. కాసేపు పలకను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రేసులన్నీ అయిపోయి ట్రాకు ఖాళీ అయింది, వ్యాన్లు ఒక్కొక్కటే బయటికి పోతున్నాయి. ఎండ ఇంకా ఉంది. వదిన లేచింది.

"నేను బండి మీద లేనుగా. నేను ఎటు చూస్తే ఏమవుతుంది?" అని కంచె వెంట నడుచుకుంటూ వెళ్లింది.

పిచ్చుక పిట్ గోడెక్కి చూసింది. ఎడమ మలుపు దగ్గర వదిన కంచె పట్టుకుని నిలబడింది. అవతల కంకర తప్ప ఏమీ కనిపించలేదు. వదిన మాత్రం ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు తల కొంచెం పక్కకు వంచింది. కాసేపటికి అడ్డంగా ఊపింది. తర్వాత చాలాసేపు కదలకుండా ఉంది. పరుగెత్తిపోయి లాక్కొద్దామా అని పిచ్చుక రెండుసార్లు అనుకుంది, గోడ దిగడానికి ధైర్యం చాలలేదు. చివరికి వదిన కంచె వదిలి, తొందరేం లేనట్టు నడిచి వచ్చింది. ముఖం కడుక్కున్నట్టు తేటగా ఉంది.

"కోపంగానే ఉన్నాడు" అంది.

పిచ్చుక గోడ మీంచి కిందికి దిగింది.

"నా మీద కాదే, నీ మీద. అక్కడికొచ్చి తల తిప్పి, ఒక్కసారి ఇటు చూడన్నయ్యా అని అరిచావట. నేర్పిందంతా మట్టిలో పోశావని తిట్టాడు."

ఆ అరుపు సంగతి పిచ్చుక ఎవరికీ చెప్పలేదు. వదిన వంగి టైర్ల దుప్పట్లు మడవసాగింది. ఒకటి మడిచాక చేతులు ఆగిపోయాయి, భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడాదిలో ఆమె ఏడవడం పిచ్చుక చూడటం ఇదే మొదటిసారి.

"మరి నిన్నేమన్నాడు వదినా?" అని భయంభయంగా అడిగింది.

"నేనడిగానే, నేనూ వచ్చేయనా అని" అంది వదిన. "మొహం నా వైపే పెట్టుకుని, పో, ఇంటికి పో అన్నాడు."