గూడు వదిలిన తల్లి

మ్యూజియంలో అడుగుపెట్టగానే ఎదురయ్యే గోడంతా ఆమె గీసిందే. పొడుగు మెడ రాక్షసబల్లి ఒకటి గూటి మీదికి వంగి, అప్పుడే గుడ్లు పగిలి బయటపడ్డ నాలుగు పిల్లల్ని చూస్తూ ఉంటుంది. పిల్లలూ తల్లివైపే మోరలెత్తి ఉంటాయి. పంతొమ్మిదేళ్లుగా బడిపిల్లలు దాని ముందే నిలబడి ఫొటోలు దిగుతున్నారు.

ఆ వేసవిలో కొత్తగా వచ్చిన అధికారి ఆమెను పిలిపించాడు.

"తల్లిని తీసేయాలమ్మా. ఈ జాతి గుడ్లు పెట్టి తన దారిన తాను పోయేదని ఇప్పుడు అంటున్నారు."

"కోట్ల ఏళ్ల కిందట చచ్చినదానికి ఇప్పుడు బుద్ధి మారిందా సార్?"

ఆయన నవ్వాడు. "దానికి మారలేదు, మనకే ఆలస్యంగా తెలిసింది. మీకు కష్టమైతే వేరేవాళ్లకి చెప్తాను."

"వద్దు. నేనే చెరుపుతాను."

నిచ్చెన వేసుకుని మొదలుపెట్టింది. తోకను నదిలో కలిపేసింది. పొట్టను పొదలతో కప్పేసింది. మెడ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు.

ఆ మెడ గీసిన రోజు, ఏడేళ్ల కూతురు జ్వరంతో ఆసుపత్రిలో ఉంది. మ్యూజియం ప్రారంభోత్సవం రెండు రోజుల్లోకి వచ్చేసింది. సాయంత్రానికల్లా వచ్చేస్తానని పిల్లకు చెప్పి వచ్చిన మనిషి, వంపు కుదరక గీస్తూ చెరుపుతూ ఉండిపోయింది. పొద్దుగూకే వేళ మరిది వచ్చి నిచ్చెన కింద నిలబడ్డాడు. అతను నోరు తెరవకముందే ఆమెకు అర్థమైపోయింది.

ఆమె భర్త దర్జీ. బట్ట కొలిచినట్టే మాటనూ కొలిచి వాడతాడు. ఆ రోజు సంగతి మళ్లీ ఎత్తలేదు.

పని మొదలైన మూడో రోజు మధ్యాహ్నం ఆయనే కారియర్ పట్టుకొచ్చాడు. అప్పటికి మెడ పోయి, తల్లి తల ఒక్కటే గోడ మీద మిగిలింది.

"తిని చేసుకో."

ఆమె కిందికి దిగింది. "ఆ రోజు అది నన్ను అడిగిందా?"

"లేదు. నిద్రలోనే పోయింది."

"ఇన్నేళ్లయింది. ఇప్పుడైనా నిజం చెప్పండి."

ఆయన కారియర్ మూత తీసి, మళ్లీ పెట్టేశాడు. "అడిగింది. తలుపు చప్పుడైనప్పుడల్లా నువ్వేననుకుంది. పక్కనే నేను ఉన్నాను కదా. నేను దానికి చాల్లేదు."

ఆ నిష్ఠూరం తన మీద కాదని ఆమెకు తెలిసింది. ఇంతకాలం తన దుఃఖమే పెద్దదనుకుంది. ఈ మనిషి లోపల ఏం మోస్తున్నాడో ఏనాడూ అడగలేదు. ఇద్దరూ ఆ తిండి ముట్టలేదు.

సాయంత్రానికి తల కూడా బూడిదరంగు మేఘంలో కలిసిపోయింది. పిల్లలు నాలుగూ ఖాళీ ఆకాశంలోకి చూస్తున్నాయి. అధికారి వచ్చి చూసి, చూపులు కిందికి దించమన్నాడు.

కంటికో చుక్క చొప్పున మూడింటివి దించింది. నాలుగోదాని దగ్గర కుంచె ఆపేసింది. మధ్యాహ్నం నుంచి అక్కడే ఉన్న భర్త వచ్చి నిచ్చెన గట్టిగా పట్టుకున్నాడు.

"కానివ్వు," అన్నాడు.

ఆమె ఆ కన్ను కూడా నేలవైపు తిప్పేసింది.