ఇరవై ఆరో వరుస

ఈ ఉదయం నుంచి మా రికార్డుల ఆఫీసులో ఇరవై అయిదు వరుసలే ఉన్నాయి. ఇరవై ఆరో వరుసలో కూర్చునే మా కుముదిని అక్క కనిపించడం లేదు. ఆ వరుస ఉండాల్సిన చోట నల్లటి అంచు ఉంది. చెయ్యి పెడితే గాజులా చల్లగా తగులుతుంది.

కంప్యూటర్ల సంగతి చూసే మెహరున్నీసా గారిని పిలుస్తాను. ఆమె అంచుకి చెవి ఆనించి కాసేపు వింటారు. తర్వాత సర్వరు ముందు కూర్చుంటారు. దాని తెర మీద బొమ్మల్లేవు, మౌసు బాణం లేదు. నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు, ఒక్కోటీ నా అరచెయ్యంత. అవి కూడా ఇరవై అయిదు వరుసలే.

తెర చిన్నదైపోయిందా అని అడుగుతాను.

"తెర పెద్దదేనమ్మా. అదెంతుందో ఈ యంత్రాన్ని నడిపే లినక్సుకి ఎవరూ చెప్పలేదు. తెలిసినంత మేరే రాస్తోంది, పాపం."

యంత్రం లేవగానే చదువుకునే బూట్ ఫైలుని ఆమె తెరిచి, తెర కొలత చెప్పే రిజల్యూషన్ అంకెలు బాగా పెంచి, యంత్రాన్ని మళ్లీ మొదలుపెడతారు. ఆ అంకెల్ని తెర మోయలేకపోతుంది. అంతా నల్లబడుతుంది. తెరతోపాటు కిటికీలు, బల్లలు, నా చేతులు. అక్క ఇక రాదేమోనని ఆ చల్లటి అంచు కోసం తడుముతాను.

మెహరున్నీసా గారు కంగారు పడరు. ఒక్క అక్షరమూ కనపడని ఆ నలుపులో టైపు చేస్తూనే ఉంటారు. పేరు, పాస్‌వర్డు, ఫైలు, అందులో తొమ్మిదో వరుస. సొంతింట్లో నడిచినట్టు ఆమె వేళ్లు నడుస్తాయి. ఒక్కసారీ తడబడవు. ఇంత అందమైన పని నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడూ చూడటం లేదు, వింటున్నానంతే.

"వెయ్యిన్నీ ఇరవై నాలుగు, ఏడొందల అరవై ఎనిమిది," అంటారు మెల్లగా, యంత్రాన్ని మళ్లీ మొదలుపెడుతూ. "ఇది మోస్తుంది."

వెలుగొస్తుంది. అక్షరాలు నువ్వుగింజలంత అవుతాయి. గోడలు చప్పుడు లేకుండా వెనక్కి జరుగుతాయి. మేమూ కొంచెం చిన్నవాళ్లమవుతాం. చెప్పులు కూడా మాతోపాటే చిన్నవవుతాయి కాబట్టి నడవడానికి ఇబ్బంది లేదు.

ఇరవై ఆరో వరుసలో అక్క దరఖాస్తుల మీద ముద్రలు వేస్తోంది.

"పొద్దుట్నుంచీ ఎక్కడికెళ్లారే మీరంతా? ముందు వరుసలన్నీ ఖాళీ," అంటుంది.

నేను తన చెయ్యి పట్టుకుంటాను. వదలను.

అక్క వెనక ఇంకా వరుసలున్నాయి. నలభై ఎనిమిది వరకూ లెక్కపెడతాను. చివరి వరుసలో ఒక నది బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. మెహరున్నీసా గారు దగ్గరికెళ్లి, తన కళ్లద్దాలు తీసి ఇస్తారు. నది వాటిని తడవనివ్వకుండా పెట్టుకుని, మొదటి వరుస నుంచి మమ్మల్ని చదవడం మొదలుపెడుతుంది.