ల్యాప్‌టాప్ లేచేలోపు

కోడలి ల్యాప్‌టాప్ పెళ్ళికి ముందుది. ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో మొదటి ఉద్యోగం దొరికినప్పుడు కొనుక్కున్నది. ఇప్పుడు అదే పని ఇంట్లో కూర్చుని చేస్తోంది, పడకగదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని. పొద్దున బటన్ నొక్కితే అది లేచి, ఒళ్ళు విరుచుకుని, తెర చూపించేసరికి ఒక బకెట్టు బట్టలు ఆరేసి రావచ్చు. ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ తెరుచుకునేసరికి ఆ బట్టలు ఆరిపోయేవి కూడా.

ఆ ఖాళీ సమయంలో అత్తగారు వెల్లుల్లిపాయల పళ్ళెం పట్టుకొచ్చి పక్కన స్టూలు మీద కూర్చునేది. ఆవిడకి ఒక పట్టింపు ఉంది. పని చేసుకునేవాళ్ళ దగ్గర చేరి కబుర్లు చెప్పకూడదు. యంత్రం లేవనంతసేపూ కోడలు పనిలో ఉన్నట్టు కాదు కాబట్టి చెప్పొచ్చు. తెర మీద గీతలు కనిపించాయా, మాట నోట్లో సగం ఉన్నా సరే, "ఇక నీ పని చూసుకో అమ్మా," అని పళ్ళెం ఎత్తుకుని లేచిపోయేది.

అలా రోజుకింత చొప్పున ఆవిడ చెబుతున్నది పెళ్ళికి ముందు తను చేసిన ఉద్యోగం సంగతి. బస్టాండులో జనం మరిచిపోయిన సామాన్లు అప్పగించే గది ఆవిడది. అక్కడికి ఒకతను వచ్చేవాడట, గొడుగు పోయిందని. ఎలాంటి గొడుగంటే ఒకసారి నల్లదనేవాడు, ఇంకోసారి చెక్క పిడి అనేవాడు. వెతికితే ఉండేది కాదు. కొన్నాళ్ళకి మళ్ళీ అతనే, మళ్ళీ గొడుగే. ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు, ఎవరూ అడిగిన పాపాన పోలేదు. కోడలికి మాత్రం గిన్నెలు సర్దుతున్నా ఆ గొడుగే గుర్తొచ్చేది.

చివరిసారి కథ ఎక్కడ ఆగిందంటే: "ఆ రోజు నీలం గొడుగన్నాడు. పిడికి ఎర్రదారం చుట్టి ఉంటుందన్నాడు. అది నా కుర్చీ వెనకే వేలాడుతోంది. నాదే." సరిగ్గా అప్పుడే తెర వెలిగింది. ఆవిడ పళ్ళెం ఎత్తింది.

ఆ వారమే అత్తగారు చిన్నకొడుకుని పట్టుకుంది. "ఒరేయ్, ఆ డబ్బా ఎప్పుడు లేస్తుందా అని చూసిచూసి మీ వదిన కళ్ళు కాయలు కాస్తున్నాయి. నీకు తెలిసిన పనేగా, కాస్త బాగుచెయ్యరా." ప్రేమ కొద్దీ అన్న మాటే. ప్రేమ ఇలాంటి పనులు చేస్తూనే ఉంటుంది.

మరిదికి కంప్యూటర్లు విప్పడం ఉద్యోగం కాదు, జబ్బు. ఆదివారం భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి ల్యాప్‌టాప్‌ని బోర్లా పడుకోబెట్టాడు. స్క్రూలు విప్పి, "వదినా, ఇందులో దిండు కుట్టుకునేంత దుమ్ముంది," అన్నాడు. హార్డ్‌డిస్క్ తీసి, ముందురోజే అందులోవన్నీ కాపీ చేసి ఉంచిన కొత్త ఎస్సెస్‌డీని బిగించాడు. పాత ర్యామ్ పీకి, కొత్తదాన్ని ఏటవాలుగా దూర్చి టక్కుమనేదాకా నొక్కాడు. మూత పెట్టాక ఒక స్క్రూ మిగిలింది. "అది అదనం," అని జేబులో వేసుకున్నాడు.

బటన్ నొక్కితే, కోడలు కుర్చీ లాక్కునేలోపు తెర వచ్చేసింది. మరిది మెచ్చుకోలు కోసం అక్కడే నిలబడ్డాడు. కోడలు మెచ్చుకుంది, నిజంగానే మెచ్చుకుంది. "పోనీలే, పిల్ల సుఖపడింది," అంది అత్తగారు.

మర్నాడు అత్తగారు పళ్ళెంతో గుమ్మం దాకా వచ్చింది. తెర నిండా అప్పటికే ఎవరిదో ఇల్లు పరుచుకుని ఉంది.

"ఓహో, వచ్చేసిందా."

"పర్లేదు, కూర్చోండి అత్తయ్యా."

"నీకు పనుందిగా అమ్మా," అని వెనక్కి తిరిగింది.

కోడలు పట్టు వదల్లేదు. వంటింట్లోకి వెళ్ళి సాయానికి నిలబడితే, "ఉల్లిపాయలు ఇంకాస్త సన్నగా తరుగు," అంది అత్తగారు. అంతకుమించి పలకలేదు. సాయంత్రాలు మామగారు పేపరు పట్టుకుని అక్కడే ఉంటారు, ఆయన ముందు గొడుగు ఊసే రాదు. అవతల పని రెండింతలు సాగుతోంది. ఇళ్ళు కట్టుకునేవాళ్ళు ఫోన్ చేసి మరీ పొగుడుతున్నారు. కోడలికి ఏడుపొచ్చింది. ఈ ఇంట్లో తనతో మనసు విప్పి మాట్లాడేది ఆవిడొక్కతే, అదీ ఆ కాసేపే. ఆ కాసేపునీ ఆవిడే చేతులారా బాగుచేయించేసింది.

సిగ్గు విడిచి మరిదిని అడిగింది. "పాతది మళ్ళీ పెట్టొచ్చా?"

"ఏం వదినా, తేడా చేసిందా?"

"లేదు. మరీ తొందరగా వస్తోంది."

మరిది ఆమె మొహంలోకి పరీక్షగా చూశాడు. పాత డిస్కులో అప్పుడే సినిమాలు నింపేసుకున్నానని చెప్పాడు. అన్నయ్యతో కలిసి నాలుగు రోజులు ఎటైనా తిరిగి రమ్మని సలహా కూడా ఇచ్చాడు.

మర్నాడు కోడలు బల్లని తిప్పి వేసింది, గుమ్మంలోంచి చూస్తే ల్యాప్‌టాప్ వీపు తప్ప మరేమీ కనిపించకుండా. స్టూలు ఎదురుగా పెట్టింది. బటన్ నొక్కింది. అది తగుదునమ్మా అని వెంటనే లేచింది, నిన్నటి ప్లాన్‌తో సహా. కోడలు చేతులు ఒళ్ళో పెట్టుకుని దిగులుగా కూర్చుంది.

అత్తగారు గుమ్మంలో ఆగింది. "వచ్చేసిందా?"

"లేదత్తయ్యా. ఎందుకో ఇవాళ మొరాయిస్తోంది."

ఆవిడ లోపలికొచ్చింది. కళ్ళజోడు సర్దుకుని కోడలి భుజం మీదుగా వెనక్కి చూసింది. కోడలూ తిరిగి చూసింది. వెనక బీరువా, బీరువాకి నిలువుటద్దం. అద్దంలో తెర, తెర మీద ఎవరిదో ఇల్లు, వంటింటి కిటికీతో సహా శుభ్రంగా కనిపిస్తోంది. కోడలి మొహాన కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

"పాతది కదమ్మా," అంది అత్తగారు స్టూలు మీద కూర్చుంటూ. "నిదానంగానే లేస్తుంది. తొందరపెట్టకు." ఒక వెల్లుల్లిపాయ చిదిమింది. "ఎక్కడ ఆపాను?"

"అతను మీ గొడుగు గుర్తులే చెప్పాడు."

"ఆఁ. ఇచ్చేశాను." పళ్ళెంలో పొట్టు ఉఫ్ఫున ఊదింది. "ఆ సాయంత్రం తడుస్తూ ఇంటికెళ్ళాను. మర్నాడు నాకోసం కొత్త గొడుగు తెచ్చాడు."

కోడలు పక్కగది వైపు చూసి గొంతు తగ్గించింది. "మామయ్యగారేనా?"

"కాదు," అంది అత్తగారు ఇంకో పాయ అందుకుంటూ.

కోడలు లేచి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, వచ్చి కూర్చుంది. ల్యాప్‌టాప్ ఇంకా లేవలేదు.