వెనక పేజీలో జవాబు

పద్నాలుగో లెక్క దగ్గర తుగిరన్ పెన్సిల్ ఆగింది.

సోలో పట్నంలోని ఆ పాఠ్యపుస్తకాల అచ్చాఫీసులో, పుస్తకం చివర వేసే జవాబులన్నీ చేసి సరిచూడటం ఆయన పని. ముప్పై ఏళ్ళకు పైగా అదే బల్ల, అదే కిటికీ. యాభై తొమ్మిదేళ్ళ మనిషి. ఎండిన చింతకాయలా వంగిన వీపు, నడిమివేలి మీద పెన్సిల్ ఒరిపిడికి కాసిన కాయ. ఆయన పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు.

లెక్క హెస్ నియమం మీద. బొగ్గూ హైడ్రోజనూ కలిసి మీథేన్ అయ్యేటప్పుడు వేడి ఎంత మారుతుందో నేరుగా కొలవడం కుదరదు. అందుకని మూడింటినీ విడివిడిగా మండించి, వచ్చిన వేడిని కూడి, తీసి, రాబట్టాలి. మొదలూ చివరా ఒకటే అయితే, నడిచిన దారి ఏదైనా మొత్తం మారదు. తుగిరన్ వేసి చూశాడు. బొగ్గుకి మూడువందల తొంభై నాలుగు. హైడ్రోజన్ మండితే వచ్చే నీరు రెండు పాళ్ళు, కనక రెండువందల ఎనభై ఆరు రెండుసార్లు. అందులోంచి మీథేన్‌వి ఎనిమిదివందల తొంభై తీసేస్తే డెబ్బై ఆరు. వేడి బయటికి పోతుంది కాబట్టి ముందు మైనస్ గుర్తు.

అచ్చులో రెండువందల పది అని ఉంది. మైనస్ కూడా లేదు. రాసినాయన నీటిని ఒక్కసారే లెక్కపెట్టాడు.

ఆ అధ్యాయం ఆలస్యంగా వచ్చి, ఆయన చూడకముందే అచ్చయి, పుస్తకాలు కుట్టడం కూడా అయిపోయింది. తుగిరన్ మరో రెండుసార్లు చేసి చూసుకుని, మేనేజరు హెర్నోవో గదికి నడిచాడు.

"ఒక్క జవాబే కదా పాక్! వచ్చే ముద్రణలో దిద్దుదాం. పొద్దున ఆరింటికి లారీ వస్తోంది," అన్నాడు హెర్నోవో, పెద్దవాళ్ళని పిలిచినట్టే మర్యాదగా 'పాక్' అంటూ.

"తప్పు చేసిన పిల్లలకి ఏం కాదు బాబూ. సరిగ్గా చేసిన పిల్ల వెనక తిప్పి చూస్తుంది. తనదే తప్పనుకుని కొట్టేసుకుంటుంది."

"మూడువేల కాపీలు. చేత్తో దిద్దుతారా ఏంటి?"

"దిద్దుతాను."

"మీ ఇష్టం. లారీ మాత్రం ఆగదు."

పదిహేడేళ్ళప్పుడు తుగిరన్ ఒక లెక్క పదకొండుసార్లు చేశాడు. ప్రతిసారీ ఒకటే జవాబు, పుస్తకంలో వేరొకటి. తనకి ఈ చదువు రాదని తీర్మానించుకుని బడి మానేసి, అచ్చు అక్షరాలు పేర్చే పనిలో చేరాడు. ఆరేళ్ళ తర్వాత అదే పుస్తకం రెండో కూర్పు ఆయన చేతికే వచ్చింది. ఆ జవాబు మార్చి ఉంది. అది ఆయన జవాబే. మర్నాటినుంచి పుస్తకాల వెనక జవాబులు చేసి చూడటం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకి అదే ఉద్యోగమైంది.

కట్టలు కట్టే గదిలో ఆరుగురు ఆడవాళ్ళున్నారు. తుగిరన్ గుమ్మంలో నిలబడి సంగతి చెప్పాడు.

"ఇన్నేళ్ళకి మాతో మాట్లాడావు, అదీ పని చెప్పడానికే!" అంది అందరికంటే పెద్దదైన పైనెమ్. మిగతావాళ్ళు పకపకా నవ్వారు. ఆమె చెయ్యి చాచింది. "కలం ఇలా తే. నాకు చదువు రాదు, ఎలా ఉంటుందో గీసి చూపించు."

ఆయన అట్టముక్క మీద పెద్దగా రాశాడు.

"ముందు ఈ అడ్డగీత ఎందుకు?"

"వేడి బయటికి పోతోందని."

"అయితే మా ఆయన నొసటా ఒకటి గీయాలి. గడప తొక్కాడంటే సెగే!"

తుగిరన్ కూడా నవ్వాడు. ఏడుగురూ చాప మీద కూర్చుని పుస్తకాలు తెరిచి, కొట్టేసి, రాసి, మూశారు. మధ్యాహ్నం ఆయన రెండుసార్లు ఎడమ భుజం నిమురుకున్నాడు. చీకటి పడేవేళకి ఆఖరి పుస్తకం మూశారు. అప్పుడే వాన మొదలైంది. గది కప్పు మూల కారుతోంది. తుగిరన్ తన వానకోటు విప్పి, ఆ మూలనున్న దొంతర మీద కప్పి, సైకిలెక్కాడు.

"కోటేదీ?" అంది భార్య ముర్తినీ, తువ్వాలు అందిస్తూ.

"పుస్తకాల మీద కప్పాను."

"పాపం, వాటికి జలుబు చేస్తుందనా!"

ఆయన నవ్వుతూ వెదురు కుర్చీలో కూర్చున్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి సోయా గింజల టెంపే ముక్కలు వేయించి తెచ్చేసరికి తల గోడకి ఆనించి ఉన్నాడు, ఒళ్ళో తువ్వాలుతో. అలిసిపోయాడు, కాసేపు కునుకు తియ్యనీ అనుకుని ముర్తినీ పళ్ళెం మీద మూత పెట్టి పక్కనే కూర్చుంది. అంతే. ఊపిరి ఆగిపోయిందని చాలాసేపటికి గానీ ఆమెకి తెలియలేదు.

పొద్దున ఆరింటికి లారీ వచ్చింది. పైనెమ్ కోటు ఎత్తి చూసింది. ఒక్క పుస్తకమూ తడవలేదు. లారీ వెళ్ళిపోయాక, ఆయన వస్తే కనబడేలా కోటుని తలుపు పక్క మేకుకి తగిలించింది. కబురు ఎనిమిదింటికి వచ్చింది.

ఆ కోటుని మేకు మీంచి ఎవరూ తియ్యలేదు. నీలం ప్లాస్టిక్ కోటు, రాత్రంతా పుస్తకాల మీద ఉన్నందుకు భుజాలు దొంతర ఆకారంలో చదరంగా సాగిపోయి ఉంది.