వెనక నుంచి చదివిన వాక్యం

ప్రెస్సులో ఆయన్ని అందరూ భూతద్దం అనేవారు. చాటున కాదు, ముఖం మీదే అనేవారు, ఆయనా పలికేవాడు. ఇరవై ఆరేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్న మనిషికి అంతకన్నా మంచి బిరుదు ఎవరిస్తారు? పోటీ పరీక్షల గైడ్లు వేసే ఆ ప్రెస్సులో, ఆయన ఎర్రకలంతో మూలన పొట్టి సంతకం గీకనిదే ఒక్క పేజీ కూడా మిషనెక్కేది కాదు.

ఆయనకొక పద్ధతి ఉండేది. పేజీని కింది నుంచి పైకి, వాక్యాన్ని చివరి మాట నుంచి మొదటి మాటకు చదివేవాడు. అర్థాన్ని నమ్మరాదన్నది ఆయన సిద్ధాంతం. ముందు నుంచి చదివితే అర్థం చెయ్యి పట్టుకొని లాక్కుపోతుంది. దారిలో ఊడిన అక్షరాన్ని మనసే తెచ్చి అతికించుకుంటుంది, కన్ను చూడకుండానే చూశానంటుంది. వెనక నుంచి వస్తే ఆ ఆటలు సాగవు. ప్రతి మాటా ఒంటరిగా నిలబడి తన ఒత్తులకూ దీర్ఘాలకూ తానే జవాబు చెప్పుకోవాలి. ఇలా చదివి ఆయన వందల పుస్తకాలు పూర్తిచేశాడు. వాటిలో ఏముందని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేవాడు.

పూర్వం ఆయనకు ఎదురుగా ఇంకో కుర్చీలో మనిషి ఉండేది. ఒక పెద్దావిడ, రాతప్రతిని చేతిలో పట్టుకొని కామాలూ ఫుల్‌స్టాపులూ సహా పైకి చదివేది. ఆయన అచ్చు మీద కళ్లు నడుపుతూ ప్రతి వాక్యానికీ “ఉంది” అనేవాడు. రాతలో ఉన్నదే అచ్చులోనూ ఉంది అని ఆ మాటకు అర్థం. ఆవిడ రిటైరయ్యాక ప్రెస్సు యజమాని ఆ పనే ఎత్తేశాడు. “రెండు నోళ్లెందుకయ్యా, నీ రెండు కళ్లు చాలవూ?” అన్నాడు. ఆ మెప్పు ఆయన లోపల చాలాకాలం చల్లగా ఉండిపోయింది. కుర్చీని మాత్రం ఎవరూ తియ్యలేదు. పాత ప్రూఫుల కట్టలు దాని మీద మోకాలెత్తు పేరుకున్నాయి.

ఆయన కూతురికి నర్సు కావాలని కోరిక. శిక్షణలో చేరడానికి ప్రవేశపరీక్ష రాయాలి. రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పింది. ఆ ఏటితో ఆమెకు పాతికేళ్లు నిండుతాయి. ఆ పైన దరఖాస్తే తీసుకోరు. అంటే మూడోసారే ఆఖరుసారి.

మొదటి రెండుసార్లూ ఆమె అందరిలాగే చదివింది. ముఖ్యమైన చోటల్లా పసుపు రంగు పూసింది. చివరికి పుస్తకమంతా పసుపే అయింది. పేజీ తిప్పితే అన్నీ తెలిసిన ముఖాల్లాగే కనిపించేవి. పరీక్షహాల్లో ఒక్కటీ పేరు చెప్పేది కాదు. మూడో ఏడు, ఆమె చీటీలు రాసే పనిలో ఉన్న క్లినిక్కులో పెద్ద నర్సు ఆమెను నిలబెట్టి అడిగింది. “పుస్తకం తెరిచి ఎంతసేపు చదువుతున్నావో చెప్పకమ్మా. మూసి ఎంతసేపు చెప్పగలవో చెప్పు.” ఆ ఒక్క ప్రశ్నతో ఆమె చదువు తిరగబడింది. క్లినిక్కు మానేసింది. ఫోను తీసి తల్లి కుట్టుమిషను సొరుగులో పడేసింది. తెల్లవారి రెండు గంటలపాటు ఒక పాఠం చదవడం, పుస్తకం మూయడం, గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాయడం. సాయంత్రం ఎవరికైనా అప్పజెప్పడం. తప్పిన ముక్క ఉన్న కాగితం ఒక అట్టపెట్టెలోకి పోతుంది. దాన్ని మర్నాడు ఒకసారి, మూడోనాడు ఒకసారి, ఏడోనాడు ఒకసారి బయటికి తీసి మళ్లీ చెప్పాలి. తడుముకోకుండా వచ్చేదాకా వదలకూడదు.

తల్లి ఆమెకు గడియారం అని పేరు పెట్టింది. “గడియారానికైనా కీ ఇవ్వాలి. మా పిల్లకు అదీ అక్కర్లేదు” అనేది, మిషను తొక్కుతూ.

సాయంత్రం అప్పజెప్పించుకునే పని తండ్రిది. వంటింటి బల్ల దగ్గర ఆయన తమ ప్రెస్సు గైడు పట్టుకొని కూర్చునేవాడు. ఎదురుగా ఆమె కళ్లు మూసుకొని చెప్పేది. సరిపోయిన ప్రతి వాక్యానికీ ఆయన “ఉంది” అనేవాడు. మొదటి రోజే ఆ మాట తనకు తెలియకుండా నోట్లోంచి వచ్చేసింది. ప్రెస్సులో ఖాళీ అయిన కుర్చీ ఇంట్లో నిండినట్టు అనిపించి, ఆయన కాసేపు మురిసిపోయాడు.

పరీక్ష రెండు నెలలుందనగా రక్తం పాఠం వచ్చింది.

“మానవుని పరిపక్వ ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉండదు” అంది ఆమె.

“లేదు” అన్నాడాయన.

“అదేగా నేనన్నది. లేదు, ఉండదు.”

“అది కాదే. పుస్తకంలో ఉండదు అని లేదు. ఉండును అని ఉంది.”

ఆమె కళ్లు తెరిచింది. “ఏదీ, ఇటివ్వు.”

పుస్తకం తిప్పుకొని చూసింది. ఆ పేజీలో వాక్యాలన్నీ ‘ఉండును’తోనే ముగుస్తున్నాయి: ప్లాస్మాలో నీరు ఉండును, ఎర్ర కణాల్లో హిమోగ్లోబిన్ ఉండును. ఆ వరసలోనే ఇదీ.

“నాన్నా, ఇది అచ్చుతప్పేమో. స్కూల్లో మా టీచరు ఉండదనే చెప్పింది. బొమ్మ కూడా వేయించింది, మధ్యలో నొక్కుకుపోయినట్టు ఉంటుంది.”

“పదేళ్ల కిందటి బొమ్మ నీకెంత గుర్తుంటుందిలే. ఈ పుస్తకం ఎవరు చూశారో తెలుసా?”

“నువ్వే.”

“మరి?”

“చూశావు సరే. చదివావా?”

మిషను టక్కున ఆగింది. తల్లి పకపకా నవ్వింది. “అడిగిందండీ గడియారం! ఇన్నేళ్లలో నాకే తట్టలేదు ఈ ప్రశ్న!”

ఆ ఇంట్లో ఆయన మీద విసిరిన ఎకసెక్కాలు కోకొల్లలు. ఏవీ తగల్లేదు, ఇది తగిలింది. బహుశా అందులో నిజం ఉందని ఆయనకు మనసులోనే ఎక్కడో తెలుసు కాబట్టి. ఆయన కళ్లజోడు సర్దుకొని ఆ వాక్యాన్ని తన పద్ధతిలోనే పరీక్షించాడు. ఉండును. కేంద్రకం. రక్తకణంలో. ఎర్ర. పరిపక్వ. మానవుని. ప్రతి మాటా నిక్షేపంగా ఉంది.

“ఒక్క అక్షరం తప్పులేదు” అన్నాడు. జేబులోంచి ఎర్రకలం తీశాడు. ఆమె పొద్దున్న రాసుకున్న కాగితం మీద ‘ఉండదు’లో ‘దు’ను కొట్టేసి, మార్జిన్‌లో ‘ను’ రాసి, ప్రూఫు దిద్దేవాళ్లు పెట్టే సున్నాలాంటి గీత కిందికి లాగి, అలవాటు కొద్దీ మూలన పొట్టి సంతకం గీకాడు. “పేపరు తయారుచేసేవాళ్ల బల్ల మీద ఉండేవి ఇలాంటి గైడ్లే. సొంత తెలివి చూపించడానికి ఇది చోటు కాదు.”

ఆమె ఆ సంతకం వంక చాలాసేపు చూసింది.

“నువ్వు చెప్తే సరే, నాన్నా.”

ఆ మాట ఆయనకు గెలుపులా వినిపించింది.

కాగితం అట్టపెట్టెలోకి పోయింది. మర్నాడు ఆమె “కేంద్రకం ఉండ...” దగ్గర ఆగి, పెదవి కొరుక్కొని “ఉండును” అంది. “ఉంది” అన్నాడాయన. మూడోనాడు ఆ ఆగడం సగమైంది. ఏడోనాడు ఆగనే లేదు. మంచి పద్ధతిలో ఒక నిర్దయ ఉంటుంది. దాని చేతికి ఏది అందిస్తే దాన్నే నాటుతుంది. నిజమో కాదో అడగదు. తనకు తెలిసిన దాన్ని మరిచిపోవడానికి ఆ అమ్మాయికి ఏడు రోజులు పట్టింది, మూడుసార్లు అప్పజెప్పాల్సి వచ్చింది. పట్టుదలగా మరిచిపోయింది.

పరీక్ష బాగానే రాశానంది. నెల తిరిగాక జాబితా వచ్చింది. నూటయాభైకి ఆమెకు నూటపదిహేడు. ఆఖరి సీటు నూటపద్దెనిమిది దగ్గర ఆగిపోయింది.

ఇంట్లో ఎవరూ గట్టిగా ఏడవలేదు. తల్లి కుడుతున్న గుడ్డ మీద సూది విరిగింది. ఆమె కొత్త సూది ఎక్కించుకొని కుట్టుకుంటూ పోయింది. కూతురు తెల్లకాగితాల దస్తా కట్టి అటక మీద పెట్టేసింది.

“జవాబుల పట్టిక వచ్చిందా?” అని అడిగాడాయన రెండోనాడు.

“వచ్చింది.”

“చూసుకున్నావా?”

“చూసుకున్నా.”

“ఏవి పోయాయి?”

“ముప్పైమూడు పోయాయి నాన్నా. ఏదని చెప్పను?”

గొంతులో కోపం లేదు. అదే ఆయన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. ఆమె బయటికి వెళ్లినప్పుడు ఆ పట్టిక తీసి చూశాడు. తప్పిన ప్రతిదానికీ ఆమె పెన్సిలుతో చిన్న గీత పెట్టుకుంది. నలభైమూడో ప్రశ్న దగ్గర మాత్రం గీత లేదు, చిన్న చుక్క ఉంది. పెన్సిలు ఆనించి, పైకి తీయడానికి ఆలస్యమైతే పడే చుక్క. కేంద్రకం లేని రక్తకణం ఏది అని ప్రశ్న. పరిపక్వ ఎర్ర రక్తకణం అని జవాబు.

ముప్పైమూడింటిలో ఒకటి కదా అని ఆయన తనకు తాను చెప్పుకోబోయాడు. తక్కిన వాటిలో ఏ ఒక్కటి వచ్చినా సీటు వచ్చేదే. అన్నీ వదిలి దీన్నే పట్టుకోవడం ఎందుకు? లెక్క సరిగానే ఉంది, కానీ నిలవలేదు. ఆ ముప్పైరెండూ ఆమెకు తెలియనివి. తెలిసింది ఇదొక్కటే.

అట్టపెట్టెలో వెతికితే కాగితం దొరికింది. కొట్టేసిన ‘దు’, మార్జిన్‌లో ‘ను’, మూలన సంతకం. పనితనం చక్కగా ఉంది.

తల్లి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆమెకు విషయం ఎప్పుడో తెలుసని ఆ నిలబడడంలోనే అర్థమైంది.

“ఆవేళ నేను నవ్వకుండా ఉండాల్సింది” అంది. “నవ్వకపోతే మీరు కాస్త ఆలోచించేవారేమో.”

మర్నాడు ఆయన ప్రెస్సు బీరువాలోంచి ఆ గైడు రాతప్రతి తీయించాడు. గుండ్రటి చేతిరాత. ‘కేంద్రకం ఉండదు.’ పసిపిల్లలు కూడా చదవగలిగేంత స్పష్టంగా ఉంది. కంప్యూటరు దగ్గరి కుర్రవాడి చేతికి ‘ఉండును’ అలవాటై ఇక్కడా అదే పడింది. ఎదురు కుర్చీలో మనిషి ఉండి పైకి చదివితే, ఆ మాట దగ్గర తాను “లేదు” అనేవాడు.

పుస్తకం, రాతప్రతి రెండూ యజమాని బల్ల మీద పెట్టాడు.

“తప్పుల చీటీ ఒకటి వేద్దామండీ. ఉన్న పుస్తకాల్లో అంటిద్దాం.”

“నాలుగు వందల ఎనభై పేజీల్లో ఒక్క అక్షరమా? భూతద్దం, నీకు మతి పోయిందయ్యా. పరీక్ష అయిపోయింది. రైలు వెళ్లిపోయాక టికెట్టు చేతిలో పెడతావా?”

“వచ్చే ఏడు రాసేవాళ్లు ఉన్నారు కదండీ.”

“వచ్చే ఏటికి కొత్త ముద్రణ వేస్తాం, అందులో దిద్దు. కొన్నవాళ్లు ఎవరైనా అడిగారా? మనంతట మనం టముకు వేసుకోవడం ఎందుకు? ఎవరికైనా ఒక మార్కు పోతే పోయుంటుంది.”

“మా అమ్మాయికి పోయింది.”

యజమాని బల్ల మీది పేపర్‌వెయిట్‌ను ఇటునుంచి అటు జరిపాడు, మళ్లీ అటునుంచి ఇటు తెచ్చాడు. చెడ్డవాడు కాదు. కాకపోతే బాధను కూడా ఏదో ఒక పనిలో పెట్టనిదే ఆయనకు తోచదు.

“అయ్యో” అన్నాడు చివరికి. “ఇప్పుడేం చేస్తోంది మరి?”

“ఏమీ లేదు. క్లినిక్కువాళ్లు ఇంకొకర్ని పెట్టుకున్నారు.”

“గొంతు స్పష్టంగా ఉంటుందా? నీ ఎదురు కుర్చీ ఎలాగూ ఖాళీయే. కొత్త ముద్రణకు ఎవరైనా ప్రతి చదివేవాళ్లు ఉండాలి, తెలిసొచ్చింది కదా.”

ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి ఆయన మూడు రోజులు నీళ్లు నమిలాడు. ఆమె విని మండిపడాలని, ఆ గైడును మొహాన విసిరికొట్టాలని లోపల ఎదురుచూశాడు. శిక్ష పడితే, దానికో ముగింపు ఉంటుంది.

ఆమె మాత్రం “ఎన్నింటికి రమ్మన్నారు?” అని అడిగింది.

సోమవారం ఆయన ముందే వెళ్లి కుర్చీ మీది కట్టలు దింపి, దుమ్ము తుడిచాడు. ఆమె వచ్చి కూర్చుంది. కొత్త ముద్రణ కోసం ఆ గైడు రాతప్రతిని బల్ల అంచుకు ఆనించి, వాక్యం కింద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. తడబాటు లేదు, ఒత్తు పోలేదు. పక్క బల్లవాళ్లు పని ఆపి విన్నారు. “భూతద్దం గారూ, మీ ఇంట్లో ఇంత మంచి గొంతు పెట్టుకొని ఇన్నాళ్లు దాచారా?” అన్నాడొకడు. ఆమె చిన్నగా నవ్వి చదువుతూ పోయింది. ఆయన “ఉంది” అంటూ పోయాడు.

గురువారం రక్తం పాఠం వచ్చింది. ఆమె స్వరం మారలేదు.

“ఎర్ర కణాలలో హిమోగ్లోబిన్ ఉండును, ఫుల్‌స్టాప్.”

“ఉంది.”

“మానవుని పరిపక్వ ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉండదు, ఫుల్‌స్టాప్.”

ఆయన అచ్చు వంక చూశాడు. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి ఒక వాక్యాన్ని అక్షరాల కోసం కాక అర్థం కోసం, మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివాడు. అర్థం వచ్చింది. ఒక చిన్న కణం, నడుమ నొక్కుకుపోయి, ఉండాల్సినది లేని చోటుతో, ఆయన కళ్ల ముందు నిలబడింది. ఈసారి అచ్చులో ‘ఉండదు’ అనే ఉంది. ఇక అనవలసింది ఒకటే మాట. ఆయన అది అనకుండా మళ్లీ మొదటి మాటకు వెళ్లాడు.

ఆమె తల ఎత్తలేదు. వేలు ‘దు’ కిందే ఉంది.

“దు” అంది, అక్షరం విడదీసి. “దున్నపోతులో దు. ఉందా, లేదా నాన్నా?”

“ఉంది” అన్నాడాయన.

ఆమె వేలు కిందికి జరిపి తరువాతి వాక్యం అందుకుంది.